ఒక పువ్వు, ఇద్దరి చేతులు

ఎక్స్‌టెన్షన్ ట్యూబులో గాజు ఉండదు. లోపల నల్లరంగు పూసిన బోలు కడియం, అంతే. దాన్ని కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగిస్తే లెన్సు కాస్త ముందుకు జరుగుతుంది. జరిగిన ఆ నాలుగైదు సెంటీమీటర్ల దూరమే పనంతా చేస్తుంది. మరతో ఒకదానికొకటి బిగించుకునే మూడు కడియాల సాదా సెట్టు వెయ్యి రూపాయల లోపే వస్తుంది. అసలైన మాక్రో లెన్సు కొనాలంటే పదుల వేలు పెట్టాలి. మాక్రో అనగానే తూనీగ కళ్లు, సాలీడు కాళ్లు, పూల మీద మంచు బొట్లు గుర్తొస్తాయి. నేను ఈ కడియాల్లోంచి చూడమంటున్నది మాత్రం పెడనలో అద్దిన కలంకారీ గుడ్డని. కృష్ణా డెల్టాలో ఇంతకంటే ఓపికగా, ఇంతకంటే దగ్గరగా చూడదగ్గ పనితనం మరొకటి ఉందని నేననుకోను.

విజయవాడ నుంచి గుడివాడ మీదుగా బందరు (మచిలీపట్నం) పోయే రైలు దారిలో, బందరుకు ఇవతల వస్తుంది పెడన. మచిలీపట్నం కలంకారీగా భౌగోళిక గుర్తింపు పొందిన పనిలో పెద్ద భాగం ఈ ఊళ్లోనూ చుట్టుపక్కలా జరిగేదే. శ్రీకాళహస్తిలో కలం పట్టి గీస్తారు, దేవుళ్ల కథలు చెబుతారు. ఇక్కడ చెక్క అచ్చులతో అద్దుతారు. తీగలు, పక్షులు, దేవదారు ఆకారాలు, గోల్కొండ సుల్తానుల కాలంలో పారశీక అభిరుచికి తగ్గట్టు స్థిరపడ్డ పూలు ఇక్కడి గుడ్డల మీద కనిపిస్తాయి. కలం పనిలో గీసే చెయ్యి ఒక్కటే, గీత మొత్తం ఆ చేతిదే. అద్దకంలో అలా కాదు. టేకు చెక్క మీద పువ్వు చెక్కేవారు ఒకరు. ఆ చెక్కను రంగులో ముంచి గుడ్డ మీద వేసేవారు ఇంకొకరు. గుడ్డ మీద పువ్వు ఒక్కటే అయినా అందులో ఇద్దరి పనితనం కలగలిసి ఉంటుంది. మామూలు కంటికి ఆ రెండూ విడివిడిగా కనిపించవు. ట్యూబు బిగించిన కెమెరాకు కనిపిస్తాయి.

గుడ్డను భూతద్దంలోంచి చూడటం వర్తకులకు పాత అలవాటే. బట్టలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టడానికి చిన్న కటకం వాడేవారు. సూక్ష్మజీవుల్ని తొలిసారి చూసి వర్ణించిన లీవెన్‌హుక్ హాలండులోని డెల్ఫ్ట్ పట్నంలో బట్టల వర్తకుడు. 1665లో రాబర్ట్ హుక్ తన ‘మైక్రోగ్రాఫియా’ తొలి పుటల్లోనే సన్నటి నారబట్టనూ పట్టునూ పెద్దవి చేసి చూపించాడు. అదే శతాబ్దంలో డచ్చివారు బందరులో వర్తకస్థావరం పెట్టి ఇక్కడి అద్దకం బట్టల్ని ఓడల్లో యూరప్‌కు పంపుతున్నారు. డచ్చి కంపెనీకి ఉన్న ఆరు శాఖల్లో ఒకటి డెల్ఫ్ట్‌లోనే ఉండేది. బట్టనూ కటకాన్నీ కలిపి చూసిన మనుషుల ఊరికి మన తీరపు బట్టలు చేరుతూ ఉండేవి. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఉత్సాహం కలుగుతుంది.

ఇక కడియాల సంగతి. లెక్క చాలా సులువు. లెన్సును ఎంత ముందుకు జరిపామో ఆ కొలతను లెన్సు ఫోకల్ లెంగ్తుతో భాగిస్తే బొమ్మ ఎన్నింతలు పడుతుందో తెలుస్తుంది. చవక సెట్టుల్లో సాధారణంగా 7, 14, 28 మిల్లీమీటర్ల కడియాలుంటాయి. మూడూ కలిపితే 49. అందరి దగ్గరా ఉండే 50 ఎం.ఎం. లెన్సుకు మూడూ బిగిస్తే దాదాపు 1:1 వస్తుంది. అంటే గుడ్డ మీద ఒక మిల్లీమీటరు ఉన్న గీత సెన్సారు మీద కూడా ఒక మిల్లీమీటరే పడుతుంది. మామూలు ఏపీఎస్-సీ సెన్సారు 22 మిల్లీమీటర్ల వెడల్పు కాబట్టి, తపాలా బిళ్లంత గుడ్డ ముక్క ఫోటో మొత్తాన్నీ ఆక్రమిస్తుంది. 40 నంబరు నూలుపోగు మందం సుమారు 0.14 మిల్లీమీటరు. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఆ ఒక్క పోగుకే నలభై పిక్సెళ్లకు దగ్గరగా దక్కుతాయి. పోగు పురి, దాని మీద లేచిన పీచు, రంగు ఎంతవరకు ఎక్కిందో, ఎక్కడ ఆగిందో అన్నీ కనిపిస్తాయి.

గాజు లేదు కాబట్టి కడియం వల్ల బొమ్మకు నేరుగా జరిగే చెడుపు లేదు. కానీ వెలుతురు తగ్గుతుంది. 1:1 దగ్గర సెన్సారును చేరేది నాలుగో వంతే. పైగా చవక కడియాల్లో విద్యుత్ కాంటాక్టులు ఉండవు కాబట్టి ఆటోఫోకస్ పని చెయ్యదు. అపర్చరును లెన్సు మీద రింగు తిప్పి మార్చుకునే పాత లెన్సులకు దాంతో ఇబ్బంది లేదు. కెమెరానే అపర్చరు నడిపే కెనాన్ లెన్సులకు ఒక ఉపాయం ఉంది. ముందు లెన్సును మామూలుగా బిగించి, అపర్చరును ఎఫ్/8కి పెట్టి, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ మీట నొక్కి పట్టుకునే లెన్సు ఊడదీస్తే రెక్కలు ఆ కొలత దగ్గరే నిలిచిపోతాయి. ఆ తర్వాత కడియాలు పెట్టుకోవచ్చు. ఇంకాస్త ఖర్చు పెట్టి కాంటాక్టులున్న సెట్టు కొంటే ఈ శ్రమ తప్పుతుంది. గుడ్డ లాంటి కదలని వస్తువుకు మాత్రం ఆ ఖర్చు అక్కర్లేదని నా అభిప్రాయం.

ఇంకో ఇబ్బంది ఫోకస్ లోతు. ఎఫ్/8 దగ్గర, 1:1లో, స్పష్టంగా వచ్చే లోతు అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. గుడ్డ మందం అంతకంటే తక్కువే కదా అనిపిస్తుంది. కానీ గుడ్డ ఒకటిన్నర డిగ్రీలు వాలితే చాలు, ఒక అంచు బాగా వచ్చి రెండో అంచు మసకబారుతుంది. ఎఫ్/16కి మూస్తే లోతు పెరుగుతుంది గానీ, ఈ పెద్దింపు దగ్గర అది నిజానికి ఎఫ్/32లా పనిచేసి డిఫ్రాక్షన్ వల్ల బొమ్మంతా మెత్తబడుతుంది. కాబట్టి అపర్చరుతో కాక అమరికతో సరిచేసుకోవాలి. గుడ్డను చదునైన చెక్క మీద బిగువుగా పరిచి, దాని మీద చిన్న అద్దం ముక్క పెట్టి, వ్యూఫైండర్‌లోంచి చూడాలి. లెన్సు ప్రతిబింబం సరిగ్గా మధ్యలో కనిపిస్తే కెమెరా, గుడ్డ సమాంతరంగా ఉన్నట్టు. అప్పుడు అద్దం తీసేసి, లెన్సు రింగు తిప్పకుండా, కెమెరానే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుతూ ఫోకస్ పట్టాలి. ఫ్యాను ఆపాలి. బెజవాడ ఎండాకాలంలో ఇది చిన్న త్యాగమేం కాదు. కానీ గుడ్డ అంచు కదిలితే ఆ ఫోటో ఇక పనికిరాదు.

వెలుతురు రెండు రకాలుగా పెట్టి రెండు ఫోటోలు తీస్తాను. కిటికీ వెలుగు పక్కనుంచి, దాదాపు గుడ్డను ఒరుసుకుంటూ పడేలా పెడితే నేత ఎత్తుపల్లాలు లేచి కనిపిస్తాయి. రెండు పక్కల నుంచీ సమంగా పడేలా పెడితే రంగు కనిపిస్తుంది. ఒకటి నూలును చదవడానికి, ఇంకొకటి అద్దకాన్ని చదవడానికి.

చదవాలంటే ఆ రంగు ఎలా పుట్టిందో కొంచెం తెలిసి ఉండాలి. గుడ్డను ముందు కరక్కాయ నీటిలో ముంచి ఆరబెడతారు. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి తీసిన ద్రావణం వాడతారు. ఆ ఇనుము, గుడ్డలోని కరక్కాయ వగరు కలిసిన చోట అప్పటికప్పుడే నల్లబడుతుంది. ఎరుపు అలా కాదు. అచ్చుతో అద్దేది ఎరుపు రంగును కాదు, పటిక నీటిని. బంక కలిపిన ఆ ద్రావణం గుడ్డ మీద పడ్డప్పుడు ఎర్రదనం అంటూ ఏమీ ఉండదు. తర్వాత పారే నీటిలో ఉతికి, ఎరుపునిచ్చే వేరుతోనో అలిజరిన్‌తోనో ఉడకబెడితే, పటిక ఉన్న చోట్ల మాత్రమే ఎరుపు నిలబడుతుంది. అంటే అద్దేవారు పువ్వు రేకుల్ని నింపుతున్నప్పుడు వారి కళ్ల ముందు ఆ రేకుల రంగు లేదు. ఎక్కడ ఏం వేశారో తెలుసుకోవడానికి నల్ల గీతే దారి. నల్ల గీతను మొదట వేసి, దాని ఆధారంగా మిగతావి కూర్చుకుంటూ పోవాలి. ఈ సంగతి తెలిసి చూస్తే, గీతకూ రేకుకూ మధ్య వచ్చిన సన్నటి తెల్లసందు కూడా మాట్లాడుతుంది.

ఇప్పుడు 1:1లో ఒక పువ్వు. నల్ల గీత అంచు చూడండి. గీత మధ్య కంటే రెండు అంచుల దగ్గర నలుపు ముదురుగా, సన్నటి జరీ పోగులా కనిపిస్తుంది. అచ్చును గుడ్డ మీద పెట్టి పిడికిలితో కొట్టినప్పుడు చిక్కటి ద్రావణం చెక్క గీత కిందనుంచి బయటికి ఒత్తుకుని అంచున చేరుతుంది. కలంతో గీసిన గీతకు ఈ ఆకారం ఉండదు. అక్కడ రంగు కలం నడిచిన దారి వెంట పలచబడుతూ, చిక్కబడుతూ పోతుంది. ముదురు అంచు రెండు వైపులా సమంగా ఉంటే దెబ్బ నిటారుగా పడినట్టు. ఒక వైపే ఎక్కువైతే చెయ్యి అటు మొగ్గినట్టు. బల్ల మీద గోనెలు, పాత గుడ్డలు మందంగా పరుస్తారు కాబట్టి దెబ్బ బలం మెత్తగా పంచుకుపోతుంది. ఆ పరుపు లేకపోతే నేతలో ఎత్తుగా ఉన్న పోగులకు మాత్రమే రంగు అంటి, పల్లంలో ఉన్నవి తెల్లగా మిగిలేవి. మంచి పనిలో పల్లపు పోగుకు కూడా నలుపు అందుతుంది. పక్కవెలుగు ఫోటో, సమవెలుగు ఫోటో పక్కపక్కన పెడితే ఇది స్పష్టంగా తెలుస్తుంది.

తర్వాత అదే అచ్చు ముద్ర గుడ్డ మీద మళ్లీ పడ్డ చోటికి కెమెరాను జరపాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. మొదటి పువ్వులో తొడిమ దగ్గర గీత ఒకచోట ఇసుకరేణువంత తెగి ఉందనుకోండి. రెండో పువ్వులోనూ సరిగ్గా అక్కడే తెగి ఉంటే, అది అచ్చులోని లోటు. చెక్క చెక్కేటప్పుడో, ఏళ్ల వాడకంలోనో, అక్కడ చిన్న పెచ్చు లేచింది. రెండో పువ్వులో ఆ చోట గీత నిండుగా ఉంటే అది అద్దినవారి చేతిలో జరిగింది, ఆ ఒక్కసారికి రంగు సరిగా అంటలేదు. తప్పులకే కాదు, సొగసుకూ ఇదే పద్ధతి. ప్రతి ముద్రలోనూ రేకు కొస ఒకే తీరున సన్నబడుతూ ముగిస్తే ఆ సన్నబాటు ఉలిది, చెక్కినవారిది. ఒక్కో ముద్రకు ఒక్కోలా, అయినా ఎక్కడా అలుక్కుపోకుండా రంగు నిలిస్తే ఆ నిదానం అద్దినవారిది. తిరిగి తిరిగి వచ్చేదంతా ఒకరి పని, ఒక్కసారే వచ్చేదంతా ఇంకొకరి పని. ఇలా నాలుగైదు ముద్రల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, పేరు రాసుకోని ఇద్దరు పనివాళ్లను ఒకే పువ్వులోంచి విడదీసి విడివిడిగా మెచ్చుకోవచ్చు.

చెక్కినవారి పని ఎంత కష్టమో ఆ సన్నబాటు దగ్గర అర్థమవుతుంది. చెక్క మీద గీత అంటే గాడి కాదు. గీత చుట్టూ ఉన్న చెక్కనంతా తీసేసి, గీతను గోడలా నిలబెట్టాలి. ఆ గోడ మందం చాలాచోట్ల ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఉలి ఒక్క పోటు ఎక్కువ పడితే గోడ విరుగుతుంది, అచ్చు పోతుంది. ఆ గోడ మళ్లీ వేలసార్ల దెబ్బలకు, తడికి, ఎండకు తట్టుకోవాలి. ఎరుపుకు ఒక అచ్చు, నలుపుకు ఒక అచ్చు, ఇంకో రంగుకు ఇంకో అచ్చు. అన్నీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవాలంటే, వేర్వేరు చెక్కల మీద ఒకే పువ్వును వెంట్రుకవాసి తేడా లేకుండా ముక్కలు చేసి చెక్కగలగాలి. పూర్తి బొమ్మ ఏ ఒక్క చెక్క మీదా ఉండదు. అది చెక్కేవారి మనసులో మాత్రమే ఉంటుంది.

అద్దేవారి పని ముద్రకూ ముద్రకూ మధ్య అతుకులో తెలుస్తుంది. పెద్ద దుప్పటి మీద ఒకే అచ్చు వందలసార్లు పడుతుంది. రెండు ముద్రలు కలిసే చోట తీగ తెగకూడదు, రెండింతలు కాకూడదు. మామూలు కంటికి తీగ ఏకధారగా కనిపిస్తుంది. 1:1లో చూస్తే రెండు ముద్రలు ఒకదానిపై ఒకటి పోగు మందమంత ఎక్కి ఉంటాయి, లేదా పోగు మందమంత దూరంలో ఆగి ఉంటాయి. పోగు మందమంటే మిల్లీమీటరులో ఏడో వంతు. నిలబడి, వంగి, పిడికిలితో కొట్టే మనిషి ఆ కొలతలో గురి పట్టుకుంటున్నాడు, రోజంతా పట్టుకుంటున్నాడు. దీన్ని పొగడటానికి నాకు పెద్ద మాటలు అక్కర్లేదు, ఫోటో చాలు.

ఇదే చూపు మరో పనికీ వస్తుంది. పెడన చుట్టుపక్కల చాలాచోట్ల ఇప్పుడు స్క్రీన్ ప్రింటింగు నడుస్తోంది, రసాయన రంగులు వాడుతున్నారు. అదీ కష్టపడి చేసే పనే, దాని మీద నాకు చిన్నచూపు లేదు. కానీ చేతి అద్దకమని చెప్పి అమ్మితే కొనేవారికీ నష్టం, అచ్చు పట్టేవారికీ అన్యాయం. స్క్రీన్‌తో వేసిన గీతకు ఒత్తిడి వల్ల వచ్చే ముదురు అంచు ఉండదు. పూత రకం రంగైతే అది పోగుల పైన పొరలా కూర్చుని, పోగుకూ పోగుకూ మధ్య సందుల్ని కప్పుతుంది. వంపు తిరిగిన అంచు కొన్నిసార్లు జల్లెడ కళ్ల వెంట మెట్లుమెట్లుగా ఉంటుంది. డిజిటల్ ప్రింటులోనైతే చుక్కలే కనిపిస్తాయి. పటిక పట్టిన ఎరుపు పోగు లోపలికి ఇంకి, ఒకే పోగు మీద కూడా ముదురుగా, లేతగా మారుతూ పోతుంది. వెయ్యి రూపాయల కడియాలతో ఒక సంఘమో, ఒక దుకాణమో ఈ పరీక్ష చేసి, ఆ ఫోటోను గుడ్డతో పాటు కొనేవారికి ఇవ్వగలదు. ఇది జరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఎరుపు గురించి ఒక్క మాట చేర్చాలి. ఒకప్పుడు ఆ ఎరుపు చిరివేరుది. 17వ శతాబ్దంలో బందరులో పనిచేసిన ఆంగ్ల వర్తకుడు విలియం మెత్‌వోల్డ్, గోల్కొండ రాజ్యం గురించి రాస్తూ నిజాంపట్నం దగ్గరి లంకలో దొరికే ఈ వేరును ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. నిజాంపట్నం మన డెల్టా పడమటి కొసన, సముద్రం ఒడ్డునే ఉంది. ఈ జాతి ఎరుపు నిండుగా నిలవాలంటే పటికతో పాటు సున్నపు అంశం కూడా కావాలి. గవ్వలు, నత్తగుల్లలు అరిగి కలిసిన తీరపు ఇసుకలో దానికి కొదవ ఉండదు. డెల్టా నేల, డెల్టా నీరు ఈ రంగులో నేరుగా భాగస్వాములని నమ్మడానికి నాకు ఈ ఆధారం సరిపోతుంది.

గుడ్డతో చెయ్యి కుదిరాక కడియాల్ని మరికొన్నిటికి వాడవచ్చు. కొండపల్లి బొమ్మలో తెల్లపొణికి ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. రంగు కింద ఆ అతుకు ఎంత నున్నగా కలిసిపోయిందో చూడటానికి 14 మిల్లీమీటర్ల కడియం ఒక్కటే చాలు. బందరు చిలకలపూడి రోల్డ్‌గోల్డు నగల మీద టంకం చుక్కలు చూడాలంటే మెరుపును అదుపు చెయ్యడానికి పలచటి తెల్ల కాగితం అడ్డం పెట్టుకోవాలి. వరిచేలో పురుగుల కోసం మాత్రం 50 ఎం.ఎం. లెన్సుతో పూర్తి కడియాలు వాడమని చెప్పను. లెన్సు ముందు కొన ఆరేడు సెంటీమీటర్ల దూరానికి పోవాలి, ఆ దూరంలో తూనీగ ఉండదు. అక్కడ 100 ఎం.ఎం. లాంటి పొడవైన లెన్సు కావాలి.

పాత కలంకారీ ఉన్న ఇళ్లవారికి ఒక విన్నపం. పెట్టెల్లో అమ్మమ్మల నాటి దుప్పటో, పరదానో ఉంటే ముందుగా నల్ల గీతల్ని ఫోటో తియ్యండి, ఎరుపు కోసం తొందర లేదు. నలుపులోని ఇనుము కాలం గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం లాంటి చోట్ల భద్రపరిచిన కోరమాండల్ తీరపు బట్టల వంటి వాటిలో కూడా, రేకు ఎర్రగా మిగిలి చుట్టూ గీత ఉండాల్సిన చోట నూలు రాలిపోవడం సంరక్షకులకు తెలిసిన సమస్యే. గీత పోతే చెక్కినవారి పని పోయినట్టే, ఎందుకంటే ఆ సన్నబాట్లన్నీ నలుపులోనే ఉన్నాయి. గుడ్డను మడత మీద లాగకుండా పరిచి, ప్రతి ఫోటోలో ఒక మూల మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు కనిపించేలా పెట్టండి. అప్పుడు పెద్దింపు ఎంతో గుర్తుంచుకోనవసరం లేదు. ఒకే అచ్చు ముద్రలు కనీసం మూడు చోట్ల తీసి, ఒకే ఫోల్డరులో ఉంచి, గుడ్డ మీద ఏ మూలవో రాసిపెట్టండి. మొదట రెండు పక్కల నుంచీ సమమైన వెలుగులో, తర్వాత పక్కవెలుగులో తియ్యండి.